‘100 శాతం ప్లేస్‌మెంట్’ బ్రోచర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నర్సింగ్ కాలేజీ బ్రోచర్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమంగానే ఉండి ఉంటారు, అంత మందపాటి నిగనిగలాడే కాగితానికి ఏమవుతుంది గనక. మా చెల్లి మిమ్మల్నీ, ఇంకో కాలేజీవాళ్లు ఇచ్చిన ఒంటి కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఏది మంచిదే అక్కా అని అడుగుతోంది. వార్డులో పనిచేసేదాన్ని కాబట్టి నేనే మీకు నాలుగు ముక్కలు రాయాల్సి వచ్చింది.

ముందు మీ అట్ట మీది అమ్మాయి సంగతి. స్టెతస్కోప్ పెట్టుకుని ఎంత బాగా నవ్వుతోందో! కానీ ఆ చెవి గొట్టాలు ముక్కు వైపు వంగి ఉండాలండీ, మీ బొమ్మలో వెనక్కి తిరిగి ఉన్నాయి, అలా పెట్టుకుంటే గుండె చప్పుడు సరిగ్గా వినపడదు. ఫొటో తీసినాయనకు తెలియదనుకోండి, అచ్చుకు పంపేముందు మీ ఫ్యాకల్టీలో ఒక్కరైనా చూసుకోరా? లోపలి పేజీలో సిమ్యులేషన్ ల్యాబ్‌లో పడుకున్న బొమ్మ పేషెంటుకైతే మొహం మీద ప్లాస్టిక్ కవర్ ఇంకా తియ్యనే లేదు.

సరే, మీ 100 శాతం దగ్గరికొద్దాం. ఎవరిలో 100? మాటవరసకి 100 మంది చేరారనుకోండి. మధ్యలో మానేసినవాళ్లు పోగా 60 మంది మిగిలారు, అందులో తప్పుతారేమో అనిపించినవాళ్లని "ఇంకో ఆర్నెల్లు ఆగమ్మా" అని కూర్చోబెట్టి 40 మందిని లైసెన్స్ పరీక్షకు పంపారు, 38 మంది పాసయ్యారు. మీ లెక్కలో అది 95 శాతం పాస్, ఫీజు కట్టినవాళ్ల లెక్కలో 38. ఆ పాసైనవాళ్లందరికీ ఏదో ఒక పని దొరికితే అదే మీ 100 శాతం ప్లేస్‌మెంట్. ఆ 38 మందికి వచ్చింది వార్డులో ఉద్యోగమా, క్లినిక్‌లో రిసెప్షన్ కుర్చీయా అన్నది మాత్రం చుక్క గుర్తు కింద చీమల బారులా రాశారు.

పోనీ పరీక్ష పాసైతే చాలు కదా అంటారా? 2023 జనవరిలో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక కేసు బయటపడింది. మూడు నర్సింగ్ స్కూళ్ల పేరిట 7,600కు పైగా దొంగ డిప్లొమాలు అమ్మేశారు, కొన్నవాళ్లలో రెండు వేల మందికి పైగా లైసెన్స్ పరీక్ష పాసయ్యారు కూడా! అంటే కోర్సులో నేర్చుకోవాల్సిన వార్డు పని నేర్చుకోకుండానే పరీక్ష గట్టెక్కవచ్చన్నమాట. అందుకే మీ అనుబంధ ఆసుపత్రి గురించి అడుగుతున్నాను. ఎన్ని పడకలు, అందులో నిజంగా పేషెంట్లుండేవి ఎన్ని, అదే ఆసుపత్రికి ఇంకెన్ని కాలేజీల పిల్లలు వస్తారు? ఒక మంచం చుట్టూ ఇరవైమంది నిలబడితే వెనక వరసలో పిల్ల నేర్చుకునేది ముందున్న పిల్ల జడ ఎలా వేసుకుందో అంతే.

ప్రపంచమంతా నర్సుల కొరతేనని మూడో పేజీలో ఊదరగొట్టారు. నిజమే, 2023లో 58 లక్షల మంది తక్కువున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. కానీ కొరత ఉన్నంత మాత్రాన పోస్టు ఉన్నట్టు కాదు, పోస్టు ఉన్నా "రెండేళ్ల అనుభవం కావలెను" అనేవాళ్లే ఎక్కువ. ఆ అనుభవం ఎవరిస్తారో మీరు రాయలేదు.

ఇక డబ్బు. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్, అదే నర్సింగ్‌కు ఆద్యురాలంటారే ఆవిడ, స్కూలు పెట్టినప్పుడు శిక్షణకి వచ్చినవాళ్లకు తిండీ బసా ఇచ్చి, పైన ఏడాదికి 10 పౌండ్లు చేతిలో పెట్టేవారట. మీరు ఆవిడ బొమ్మను వెనకట్ట మీద వేసుకున్నారు, ఆ పద్ధతిని మాత్రం వేసుకోలేదు. ట్యూషన్ ఫీజు ఒక్కటే పెద్దక్షరాల్లో వేశారు, యూనిఫాం, పుస్తకాలు, టీకాలు, పోస్టింగ్‌కి రానూపోనూ ఖర్చు, పరీక్ష ఫీజు, అప్పు మీద వడ్డీ ఎక్కడా కనబడవు. జీతం దగ్గర మాత్రం విదేశానికి వెళ్లిన ఒక్కమ్మాయి ప్యాకేజీ వేసి ఊరుకున్నారు. ఆవిడ పక్కన కూర్చుని చదివినమ్మాయి మొదటి నెల జీతం ఎంతండీ?

మీ పక్షాన ఒక్కమాట ఒప్పుకుంటాను. మీరిచ్చే డిగ్రీకి విలువ లేకపోలేదు. తొమ్మిది యూరప్ దేశాల ఆసుపత్రుల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో, డిగ్రీ ఉన్న నర్సుల వాటా 10 శాతం పెరిగిన చోట పేషెంటు చనిపోయే అవకాశం 7 శాతం తక్కువగా కనిపించింది. కానీ వాళ్లు లెక్కపెట్టింది డిగ్రీలని, మీ పాలరాతి మెట్లని కాదు. ఒంటి కాగితం కాలేజీలో డిప్లొమానే, గోడలకి సున్నం రాలుతోంది, కానీ ఆవరణ దాటితే సొంత ఆసుపత్రి ఉంది. అక్కడ చదివి, ఉద్యోగంలో చేరి, జీతం తీసుకుంటూ, డిప్లొమావాళ్లని డిగ్రీకి చేర్చే బ్రిడ్జి కోర్సులో డిగ్రీ పూర్తి చెయ్యవచ్చు. నా ఓటు ప్రస్తుతానికి దానికే.

మనసు మార్చుకోవడానికి నేను సిద్ధమే. చివరి మూడు బ్యాచ్‌లలో చేరినవాళ్లెందరు, పూర్తి చేసినవాళ్లెందరు, లైసెన్స్ వచ్చినవాళ్లెందరు, ఏడాది తర్వాత వార్డులో ఉన్నవాళ్లెందరు, ఈ నాలుగు అంకెలు పంపండి చాలు. మామూలు కాగితం మీదైనా పర్వాలేదు.

ఇట్లు,
చెల్లి చదువు అప్పుకి హామీ సంతకం పెట్టాల్సిన అక్క