పదిహేనున్నర గేముల దూరం

2025 జులై 8 రాత్రికి అమెరికా బేస్‌బాల్‌లో, అమెరికన్ లీగ్ సెంట్రల్ డివిజన్‌లో డిట్రాయిట్ టైగర్స్ 59 గెలుపులు, 34 ఓటములతో అగ్రస్థానంలో ఉంది. క్లీవ్‌లాండ్ గార్డియన్స్ లెక్క 42–48. రెండింటి మధ్య దూరం 15.5 గేములు. నోవైలో తానా మహాసభలు జరిగిన ఆ వారాంతంలోనే టైగర్స్ క్లీవ్‌లాండ్ వెళ్లి, జులై 4, 5, 6 తేదీల్లో మూడుకు మూడూ గెలిచి వచ్చింది. గార్డియన్స్ వరుసగా ఓడిన పది గేముల్లో చివరి మూడు అవే. డివిజన్ పోరు ముగిసిందని మిషిగన్‌లో అనుకున్నారంటే, ఒహాయోలో పట్టిక చూడటమే మానేశారంటే, అందులో వింతేమీ లేదు.

సెప్టెంబర్ 28న సీజన్ ముగిసేసరికి గార్డియన్స్ 88–74, టైగర్స్ 87–75. ఇంత వెనకబడి డివిజన్ గానీ లీగ్ గానీ గెలిచిన జట్టు అంతకుముందు లేదు. 1914లో బోస్టన్ బ్రేవ్స్ 15 గేముల లోటు పూడ్చింది. ఆ రికార్డు 111 ఏళ్లు నిలిచింది.

ప్రతి వేసవిలోనూ మన పిక్నిక్‌లలో, పిల్లల లిటిల్ లీగ్ మైదానాల గట్టున, ఆఫీసు లంచ్ బల్లల దగ్గర ఇదే వాదన నడుస్తుంది. "మీకూ మాకూ తొమ్మిది గేముల తేడా, ఇంకేం మిగిలింది?" అని ఒకరు, "మా జట్టు సెప్టెంబర్‌లో లేస్తుంది చూడు" అని ఇంకొకరు. ఇద్దరూ అంతరం గురించే మాట్లాడతారు. జరిగిపోయినదాన్ని మాత్రమే అంతరం చెబుతుంది. జులైలో అడగాల్సిన ప్రశ్నలు వేరు: ఆ రెండు జట్లూ ఇంకా ఎన్నిసార్లు ఎదురుపడతాయి, అదీ ఎప్పుడు? అన్నిటికన్నా ముఖ్యంగా, మిగిలిన రెండున్నర నెలల ఇన్నింగ్స్‌లో బంతి ఎవరు వేస్తారు?

ముందు లెక్క సరిగా చదువుదాం. గెలుపుల తేడాకు ఓటముల తేడా కలిపి రెండుతో భాగిస్తే గేముల దూరం వస్తుంది. జులై 8న గెలుపుల తేడా 17, ఓటముల తేడా 14. కలిపితే 31, సగం 15.5. వాన వల్ల వాయిదా పడ్డ గేములుంటే ఒక జట్టు తక్కువ ఆడి ఉంటుంది, అప్పుడు ఈ అంకె కాస్త తప్పుదారి పట్టిస్తుంది. అందుకే అనుభవమున్న అభిమానులు ముందు ఓటముల గడి చూస్తారు. ఆడని గేమును గెలవొచ్చు, ఓడిన గేమును మాత్రం వెనక్కి తెచ్చుకోలేం.

ఆ రాత్రి తర్వాత టైగర్స్‌కు 69 గేములు, గార్డియన్స్‌కు 72 మిగిలాయి. గార్డియన్స్ 46–26 ఆడింది. గొప్ప పరుగే, కానీ ఆ ఒక్కటీ సరిపోయేది కాదు. టైగర్స్ సగానికి సగం, అంటే 34–35 ఆడి ఉంటే 93 గెలుపులతో ఐదు గేముల తేడాతో డివిజన్ దాని చేతిలోనే ఉండేది. అది 28–41 ఆడింది. మిగతా జట్ల మీద ఇంకో రెండు గెలిచినా 89 గెలుపులతో బయటపడేది. వెనకున్న జట్టు ఎంత బాగా ఆడినా ముందున్న జట్టు జారకపోతే ఇంత దూరం పూడదు. కాబట్టి జులైలో "వెనకున్నవాళ్లు పుంజుకుంటారా?" అని అడిగే ముందు "ముందున్నవాళ్లు ఏ కారణంతో జారొచ్చు?" అని అడగాలి. ఆ కారణం చాలాసార్లు పిచింగే, అంటే బంతి వేసేవాళ్లే.

ఒక గేముకు తొమ్మిది ఇన్నింగ్స్ చొప్పున 162 గేములకు సుమారు 1,458 ఇన్నింగ్స్ వేయాలి. 26 మంది జట్టులో పిచర్లు 13 మందికి మించకూడదు. మామూలుగా గేము మొదలుపెట్టే స్టార్టర్లు ఐదుగురు, తర్వాత వచ్చి అందుకునే రిలీవర్లు ఎనిమిది మంది. స్టార్టర్ ఆరు ఇన్నింగ్స్ వేసిన రోజు బుల్‌పెన్ మీద, అంటే రిలీవర్ల బృందం మీద, మూడే పడతాయి. నాలుగో ఇన్నింగ్స్‌లోనే అతను దిగిపోతే ఐదారు పడతాయి. వరుసగా రెండు రోజులు అలా జరిగితే మూడో రోజు ఏడో ఇన్నింగ్స్‌లో బంతి అందుకునేవాడు ఆ బుల్‌పెన్‌లో మంచి రిలీవర్ కాదు, ఆ పూటకు మిగిలినవాడు. కింది లీగ్ నుంచి కొత్త చేయిని తెచ్చుకోవచ్చు. కానీ కిందికి పంపిన పిచర్ మామూలుగా 15 రోజులు అక్కడే ఉండాలి, ఒకే ఆటగాడిని సీజన్‌లో ఐదు సార్లకు మించి అలా పంపడానికీ వీల్లేదు. ఆ ఐదు సార్లు జూన్‌లోనే ఖర్చు పెట్టేసిన జట్టుకు సెప్టెంబర్‌లో చేతులు కట్టేసినట్టుంటుంది.

టైగర్స్ కథ ఇక్కడే మొదలైంది. తారిక్ స్కూబల్ ఆ ఏడాది కూడా లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచిన పిచర్, వరుసగా రెండోసారి. అయితే స్కూబల్ ఐదు రోజులకొకసారే వస్తాడు. కుర్ర స్టార్టర్ జాక్సన్ జోబ్‌కు జూన్‌లో మోచేతి శస్త్రచికిత్స అయింది. జులై చివర్లో రీస్ ఓల్సన్ భుజం నొప్పితో సీజన్ వదులుకున్నాడు. రొటేషన్‌లో, అంటే స్టార్టర్ల వరుసలో, రెండు ఖాళీలన్నమాట. జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునే ట్రేడ్ గడువు ముగిసేలోగా క్రిస్ ప్యాడక్‌నీ, 41 ఏళ్ల చార్లీ మోర్టన్‌నీ తెచ్చి వాటిని పూడ్చాలని చూశారు. డిట్రాయిట్‌కు వచ్చాక మోర్టన్ ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు) ఏడు దాటింది, సీజన్ ముగియకముందే అతన్ని జట్టు నుంచి తప్పించారు. బుల్‌పెన్‌కు కైల్ ఫినెగన్‌ని తేవడం మంచి పనే. అయితే స్టార్టర్లు ఇవ్వాల్సిన ఇన్నింగ్స్‌ను ఏ రిలీవరూ పూడ్చలేడు. ఆ జులైలోనే టైగర్స్ 12 గేముల్లో 11 ఓడింది. ఆగస్టులో కోలుకుంటే చాలామంది ఆ హెచ్చరికను మరిచిపోయారు.

గార్డియన్స్ ఇంటి పరిస్థితీ బాగోలేదు. లీగ్ బెట్టింగ్ విచారణ వల్ల స్టార్టర్ లూయిస్ ఓర్టిజ్ జులై 3 నుంచి, గేము చివర్లో ఆధిక్యం కాపాడే క్లోజర్ ఎమ్మాన్యుయెల్ క్లాసే జులై 28 నుంచి సెలవులో ఉన్నారు. గడువు రోజున షేన్ బీబర్‌ని టొరంటోకు ఇచ్చేశారు. ఏప్రిల్ 2024 శస్త్రచికిత్స తర్వాత అతను 2025లో క్లీవ్‌లాండ్ తరఫున ఒక్క బంతీ వేయలేదు. "జెండా ఎత్తేశారు" అని అభిమానులు బాధపడ్డారు. నిజానికి ఉన్న పిచింగ్‌లో ఒక్క ఇన్నింగ్స్ కూడా తగ్గలేదు. క్లోజర్ పని కేడ్ స్మిత్ అందుకున్నాడు. ఆగస్టులో పార్కర్ మెసిక్ మొదటిసారి పై లీగ్‌కు వచ్చాడు. సెప్టెంబర్‌లో జట్టు 28కి, పిచర్లు 14కి పెరుగుతారు కాబట్టి ఆరుగురు స్టార్టర్లను పెట్టుకున్నా బుల్‌పెన్‌లో ఎనిమిది మంది మిగిలే ఉంటారు. విలియమ్స్, బైబీ, కాంటిలో, సెకోనీ, అలెన్, మెసిక్: ఒక్కొక్కరికీ అదనంగా ఒక రోజు విశ్రాంతి దొరికింది. జూన్‌లో ఆరుగురితో నడపాలంటే బుల్‌పెన్‌లో ఒక కుర్చీ తీసేయాలి, సెప్టెంబర్‌లో ఆ ఖర్చు లేదు. ఆ నెలలో క్లీవ్‌లాండ్ గెలుపులకు నా దృష్టిలో మొదటి కారణం ఇదే.

ఇక ఎదురెదురు గేములు. 2023 నుంచి ఒకే డివిజన్ జట్లు ఏడాదికి 13 సార్లే తలపడుతున్నాయి, అంతకుముందు 19. ఒక్కో ముఖాముఖి గేముతో దూరం పూర్తిగా ఒక గేము మారుతుంది, వేరే జట్టుతో ఆడినప్పుడు అరగేమే. 2025లో టైగర్స్–గార్డియన్స్ 13 గేముల్లో ఆరు సెప్టెంబర్ 16 నుంచి 25 మధ్యే పడ్డాయి. ఆగస్టులో తగ్గిన దూరం మళ్లీ పెరిగి సెప్టెంబర్ 4న 11 గేములున్నప్పుడు కూడా, ఆ ఆరు గేములు షెడ్యూల్‌లో అలాగే కూర్చున్నాయి. డిట్రాయిట్‌లో మూడూ, క్లీవ్‌లాండ్‌లో మూడింట రెండూ గార్డియన్స్ గెలిచింది.

సెప్టెంబర్ 23 గేము ప్రత్యేకంగా చెప్పాలి. స్కూబల్ వేస్తున్నాడు, ఆరో ఇన్నింగ్స్ దాకా టైగర్స్ 2–0తో ముందుంది. గార్డియన్స్ బ్యాటర్ క్వాన్ బంట్ పెట్టి, అంటే బంతిని బ్యాట్‌తో మెల్లగా తట్టి, బేస్ చేరాడు. మార్టినెజ్ కూడా బంట్ పెట్టాడు, స్కూబల్ కాళ్ల సందులోంచి వెనక్కి విసిరిన బంతి ఫస్ట్ బేస్ దాటిపోయింది. ఇన్‌ఫీల్డ్ దాటని హిట్, క్యాచర్‌కు అందని వైల్డ్ పిచ్, బాక్ (పిచర్ కదలికలో నిబంధన తప్పడం), అలా మూడు పరుగులు వచ్చేశాయి. చివరికి 5–2. కొట్టలేని పిచర్ ఎదురుపడితే బంతిని మైదానంలో తిప్పి ఫీల్డర్లతో పని చేయించాలి. భారీ హిట్టర్లు లేని జట్టు ఆ పాఠాన్ని ఆ రాత్రి తు.చ. తప్పకుండా పాటించింది.

క్రికెట్ నుంచి వచ్చిన మనకు ఇక్కడ ఒక పొరపాటు సహజం. ఐపీఎల్‌లో పాయింట్లు సమానమైతే నెట్ రన్‌రేట్ చూస్తారు కాబట్టి బేస్‌బాల్‌లో కూడా పరుగుల తేడాకు అలాంటి అధికారం ఉందనుకుంటాం. లేదు. రెండు జట్లు సమానంగా ముగిస్తే ముందు ముఖాముఖి లెక్క చూస్తారు, అదీ తేలకపోతే సొంత డివిజన్‌లో ఎవరు ఎక్కువ గెలిచారో చూస్తారు. 13 బేసి సంఖ్య, అన్ని గేములూ జరిగితే మొదటి మెట్టు మీదే తేలిపోతుంది. 1978లో యాంకీస్ 14 గేముల లోటు పూడ్చి రెడ్ సాక్స్‌తో 99–63 దగ్గర సమానమైతే, అక్టోబర్ 2న ఫెన్‌వే పార్క్‌లో మరో గేము ఆడించారు; బకీ డెంట్ హోమ్ రన్‌తో అది చరిత్రకెక్కింది. 2022 నుంచి ఆ అదనపు గేము తీసేశారు. ఆ ఏడాదే మెట్స్, బ్రేవ్స్ రెండూ 101–61. జూన్ 1న 10.5 గేములు ముందున్న మెట్స్, బ్రేవ్స్ వైపు మొగ్గిన 10–9 ముఖాముఖి లెక్కతో డివిజన్ పోగొట్టుకుంది.

2025 అమెరికన్ లీగ్ ఈస్ట్ డివిజన్ ఇంకా సూటి ఉదాహరణ. టొరంటో బ్లూ జేస్, న్యూయార్క్ యాంకీస్ రెండూ 94–68. ముఖాముఖి 8–5తో టొరంటోది పైచేయి. ఆ ఎనిమిదిలో నాలుగు జూన్ 30 నుంచి జులై 3 దాకా రోజర్స్ సెంటర్‌లో వచ్చినవే. నడివేసవిలో నాలుగు రోజులు. ఆ సిరీస్‌లో యాంకీస్ ఒక్కటి గెలిచి ఉన్నా డివిజనూ, మొదటి రౌండ్ ఆడనక్కర్లేని విశ్రాంతీ న్యూయార్క్‌కే వచ్చేవి. కాబట్టి జులైలో మీ ప్రత్యర్థితో సిరీస్ ఉంటే, ఆ ఒక్క గేముకు రెండు విలువలున్నాయని గుర్తుపెట్టుకోండి: ఒకటి పట్టికలో, ఇంకొకటి టైబ్రేకర్‌లో. మ్యాజిక్ నంబర్ (డివిజన్ ఖాయం కావడానికి ముందున్న జట్టు గెలుపులూ, రెండో జట్టు ఓటములూ కలిపి ఇంకా ఎన్ని కావాలో చెప్పే అంకె) వేసేటప్పుడు కూడా ఇది అక్కరకొస్తుంది. 163లోంచి ముందున్న జట్టు గెలుపులూ, రెండో జట్టు ఓటములూ తీసేయాలి. టైబ్రేకర్ ముందున్నవాళ్ల చేతిలో ఉంటే ఇంకొకటి తగ్గించాలి.

అయితే పరుగుల తేడాను పూర్తిగా పక్కన పెట్టమని కాదు. చేసిన పరుగుల వర్గాన్ని, చేసినవీ ఇచ్చినవీ రెండింటి వర్గాల మొత్తంతో భాగించే బిల్ జేమ్స్ సూత్రం జట్టు అసలు స్థాయిని బాగానే పట్టుకుంటుంది. మోటుగా చెప్పాలంటే పది పరుగులకు ఒక గెలుపు. ఆ లెక్కన 2025 గార్డియన్స్ 643 పరుగులు చేసి 649 ఇచ్చింది, 80 గెలుపుల దగ్గర ఆగాలి. 88 వచ్చాయి. టైగర్స్ 60కి పైగా పరుగుల మిగులుతో ముగిసింది. అంటే ఏడాదంతా చూస్తే మెరుగైన జట్టు డిట్రాయిటే, ఈ మాట క్లీవ్‌లాండ్ అభిమానులకు రుచించకపోయినా. కానీ డివిజన్ బ్యానర్ సగటుకు ఇవ్వరు. ఒకటి రెండు పరుగుల తేడా గేముల్ని చివరి మూడు ఇన్నింగ్స్‌లో కాపాడుకోగల బుల్‌పెన్‌కు ఆ సూత్రం ఎప్పుడూ తక్కువ మార్కులే వేస్తుంది.

షెడ్యూల్ గురించి నాకొక గట్టి అభిప్రాయం ఉంది. 13 గేములు చాలు, కానీ చివరి రెండు వారాలు డివిజన్ జట్ల మధ్యే ఉండాలి. సెంట్రల్‌లో రెండు జట్లూ మైదానంలో ఎదురెదురుగా తేల్చుకున్నాయి. ఈస్ట్‌లో టొరంటో, న్యూయార్క్ చివరిసారి కలిసింది సెప్టెంబర్ 5–7 తేదీల్లో. ఆఖరి వారాంతంలో సమానంగా ఉండి కూడా ఒకరు రేస్‌తో, ఇంకొకరు ఓరియోల్స్‌తో ఆడుతూ స్కోర్‌బోర్డులు చూసుకున్నారు. ఆరు నెలల పోరుకు అది సరైన ముగింపు కాదు.

చివరగా, టైగర్స్ మీద పడ్డ మాట ఒకటుంది: "గుండె ధైర్యం లేక కుప్పకూలారు" అని. ఆ మాట నేనొప్పుకోను. డివిజన్ గెలవని జట్లకు దొరికే వైల్డ్‌కార్డ్‌తో ప్లేఆఫ్స్‌కు వచ్చిన ఆ జట్టే సెప్టెంబర్ 30న క్లీవ్‌లాండ్‌లో స్కూబల్ 14 స్ట్రైకౌట్లతో 2–1తో గెలిచింది. మర్నాడు ఓడి, అక్టోబర్ 2న 6–3తో గార్డియన్స్‌ని ఇంటికి పంపింది. ధైర్యం వారం రోజుల్లో పోయి రాదు. మారింది అవసరం: మూడు గేములకు ముగ్గురు స్టార్టర్లు చాలు, వాళ్లలో ఒకడు స్కూబల్. రెండున్నర నెలలకు అవే చేతులు సరిపోలేదు. ఆ మూడు గేముల్లో ఒక్కటీ టైగర్స్ సొంత మైదానం కమెరికా పార్క్‌లో జరగలేదు. పట్టికలో తగ్గిన ఆ ఒక్క గెలుపు వల్ల డిట్రాయిట్ అభిమానులు ఆ సిరీస్‌ను మూడు రోజులూ టీవీలోనో, ఈరీ సరస్సు చుట్టూ కారు నడుపుకుంటూ క్లీవ్‌లాండ్ వెళ్లో చూడాల్సి వచ్చింది.