‘అనుమానాస్పదంగా’ గారికి ఒక లేఖ

‘అనుమానాస్పదంగా’ గారికి,

మీ పేరు పేపర్లో కనబడని రోజు ఉండదు. ‘అనుమానాస్పదంగా తిరుగుతున్న ఇద్దరిని పోలీసులు అదుపులోకి తీసుకున్నారు.’ తిరిగేది వాళ్లు, అనుమానం ఎస్సైగారిది. అయినా మీరు పోయి పోయి వాళ్ల నడకకే అతుక్కుంటారు. అనుమానించింది ఎవరో వాక్యమంతా వెతికినా దొరకదు. ఏం పనితనమండీ!

పోయిన నెల రాత్రి పదకొండున్నరకి, మాసాబ్ ట్యాంక్ దాటాక, మిమ్మల్ని దగ్గర్నుంచి చూశాను. నేనూ మా ఆఫీసు మిత్రుడూ షిఫ్టు దిగి చెరో బండి మీద వస్తున్నాం. ఒకే కంపెనీ కార్డు, ఒకే కంపెనీ బ్యాగు. అతనికి గడ్డం ఉంది, నాకు లేదు. ‘ఎక్కడికి వెళ్తున్నారు సార్?’ అని కానిస్టేబుల్ నన్నడిగాడు. అటు తిరిగి, ‘ఏయ్, ఎటు పోతున్నవ్? బ్యాగు తియ్యి’ అన్నాడు. బ్యాగులో చార్జరు, టిఫిన్ డబ్బా. డబ్బా మూత కూడా తీయించాడు. అడుగున నాలుగు పెరుగన్నం మెతుకులు. ఎస్సైగారు మర్యాదస్తుడు. ‘మాకు అందరూ ఒకటే సార్’ అన్నారు, నాతో. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ ‘రు’కీ ఈ ‘వ్’కీ మధ్య మీరు కాలు మీద కాలేసుకుని కూర్చున్న సంగతి పాపం ఇద్దరికీ తెలియదు.

మీ పూర్వీకులకి ఈ మొహమాటం లేదు. 1871లో తెల్లదొరలు ఏకంగా చట్టం రాసి, తెగలకు తెగల్నే పుట్టు నేరస్తులన్నారు. 1952లో అది రద్దయింది. మీరు ‘అలవాటు పడిన నేరస్తులు’ అని చొక్కా మార్చుకుని మళ్లీ ఆ గడపల్లోకే వెళ్లారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది, ఆ పాత చట్టం నుంచి బయటపడ్డ విముక్త జాతులవాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయొద్దనీ చెప్పింది. గడి కొట్టేయడం తేలికే. మీకు గడితో పనేముంది?

మిమ్మల్ని తిడదామనే మొదలుపెట్టాను గానీ, పాత బాకీ ఒకటుంది. రెండేళ్ల కిందట ఇంట్లో గొలుసు కనబడక స్టేషన్‌కి వెళ్లాను. ‘ఎవరి మీదైనా అనుమానం ఉందా?’ అన్నాడు రైటర్. ‘వాచ్‌మన్ కొడుకు’ అన్నాను, తడుముకోకుండా. ఆ కుర్రాణ్ణి రెండు రోజులు బెంచీ మీద కూర్చోబెట్టారు. గొలుసు మా వాషింగ్ మెషీన్ వెనక దొరికింది. స్టేషన్‌కి ఫోన్ చేసి చెప్పాను. వాచ్‌మన్‌కి చెప్పడానికి కిందికి దిగేసరికి వాళ్ల గదికి తాళం లేదు, లోపల సామానూ లేదు.

ఇట్లు,
బ్యాగు తియ్యనక్కర్లేని సార్