పడవలో ఉంటే అద్దె ఉండదట!

ఇంగ్లండ్ కాలువల మీద నారోబోట్ అనే సన్నటి పొడుగు పడవ కొనుక్కుని అందులోనే కాపురముంటే అద్దె బాధ తప్పుతుందని ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళొచ్చి ఒక్క చలికాలం ఆ టాయిలెట్ క్యాసెట్ (మలమూత్రాలు చేరే డబ్బా) మోయాలి. నిండితే 20 కిలోల పైమాటే! మంచు పట్టిన గట్టు మీద ఈడ్చుకుంటూ పోతే, పారబోసే చోట ‘పనిచేయదు’ అని బోర్డు. ఇప్పుడెక్కడ పొయ్యాలి? నెత్తినా?

సొంత మూరింగ్, అంటే పడవని కట్టేసుకునే స్థిరమైన చోటు, లేదా? 14 రోజులకోసారి కదలాలి. పోనీ కదులుతూనే ఉన్నారా? అందుకు 2024 ఏప్రిల్ నుంచి పడవ లైసెన్సు ఫీజు మీద అదనపు వడ్డన! లైసెన్సు కావాలంటే ఇన్సూరెన్సు, నాలుగేళ్ళకోసారి సేఫ్టీ సర్టిఫికెట్. రెండు మూడేళ్ళకోసారి పడవని నీళ్ళలోంచి పైకి లేపి, అడుగు గీకి, తారు పూయించాలి. పనిలో పనిగా ఆనోడ్లు (తుప్పుని తమ మీదికి లాక్కునే లోహపు దిమ్మలు) చూసుకోవాలి, అవి అరిగిపోతే తుప్పు తినేది అడుగు రేకునే.

బ్యాటరీలు మరో గోల. లెడ్ యాసిడ్‌వి ఛార్జి సగానికంటే కిందికి దించితే తొందరగా చస్తాయి. డిసెంబరులో సోలార్ ప్యానెల్ అలంకారానికే. ఇక వాటిని ఛార్జి చెయ్యడానికి కట్టేసిన పడవలో గంటల కొద్దీ ఇంజను మోత, డీజిల్ ఖర్చు. రాత్రి 8 దాటితే అదీ ఆపాలి.

ఇక చెమ్మ! వంట చేసి కిటికీ తియ్యకపోతే పరుపు అడుగున బూజు. తీస్తే పొయ్యి వేడంతా పాయె. చలికి తట్టుకోలేక గాలి ఆడేందుకు పెట్టిన వెంట్లలో గుడ్డలు కుక్కే మహానుభావులూ ఉన్నారు. పొయ్యి నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే అలారం అయినా పెట్టారా స్వామీ?