మా బావగారి ముందుచూపు, ఆస్ట్రేలియా వారి లెక్క

విశాఖపట్నంలో ఒక మధ్యతరగతి తండ్రి తన కొడుకును విదేశానికి పంపాలని నిశ్చయించుకున్న క్షణం నుంచి చూపించే ముందుచూపును గురించి తగిన గౌరవంతో రాసినవారు నాకు ఇంతవరకు కనబడలేదు. ఆ లోటు తీర్చే అర్హత నాకు కొంత ఉంది. గాజువాకలో ఉండే మా బావగారు మా మేనల్లుడి విషయంలో ముప్పై ఏళ్ళపాటు ఆలోచించకుండా ఒక్క అడుగు కూడా వేయలేదు. ఆ అడుగులకు ఆస్ట్రేలియా ప్రభుత్వం వారు ఈమధ్య కట్టిన వెలను దగ్గరుండి చూసిన సాక్షిని నేను.

ఆస్ట్రేలియా వారి పద్ధతి చాలా న్యాయమైనది. సబ్‌క్లాస్ 189 అనే, అక్కడే స్థిరపడనిచ్చే వీసాకు అక్కడి యజమాని పిలుపు అక్కరలేదు, అక్కడి చుట్టం పూచీ అక్కరలేదు. వయసుకు, ఇంగ్లీషుకు, చదువుకు, అనుభవానికి, చివరకు సంసారానికి కూడా పాయింట్లు ఉంటాయి. మొత్తం 65 వస్తే మనిషి అర్హుడు. అప్పుడు తన ఆసక్తిని తెలుపుకుంటూ ఒక దరఖాస్తు పెట్టుకుని, పిలుపు కోసం వేచి ఉండాలి. పిలుపు వస్తే 60 రోజుల్లో వీసాకు దరఖాస్తు చేయాలి. ఇందులో మనకు కొత్త ఏమీ లేదు. పదో తరగతి నుంచి మార్కులుగానే బతికిన జాతి మనది. కొత్తదనమల్లా ఎక్కడ మార్కులు పడతాయో, ఎక్కడ తెగుతాయో తెలుసుకోవడంలోనే ఉంది.

మొదట వయసు సంగతి. మావాడు పుట్టింది ఆగస్టు నెలాఖరున. నాలుగో ఏడు నిండకముందే బావగారు వాణ్ణి తీసుకెళ్ళి హెడ్మాస్టరుగారి ముందు నిలబెట్టారు. ఆయన పాతకాలం మనిషి. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమన్నారు. చెయ్యి చెవి దాకా రాలేదు. "ఒక ఏడు కలిసొస్తుంది మాస్టారూ, ముందు ముందు ఉద్యోగాలకు పనికొస్తుంది" అని బావగారు బతిమాలితే, అందని చెవిని అందినట్టే భావించి, ఏడాది పైచిలుకు ముందుకు జరిపి జూన్ ఒకటో తేదీని రిజిస్టరులో రాశారు. అదే పదో తరగతి సర్టిఫికెట్టులోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి నడిచింది. ఆస్ట్రేలియా పట్టికలో 25 నుంచి 32 ఏళ్ళ వరకు 30 పాయింట్లు. 33 నిండితే 25. నలభై నిండితే 15. 45 నిండినవారికి తలుపే తెరవరు. మావాడికి నిజంగా ఇంకా ముప్పై రెండు నిండలేదు, కాగితం మీద ముప్పై మూడు నిండాయి. బావగారు చెప్పిన మాట తప్పు కాలేదు. ఏడాది కలిసొచ్చింది. రావలసినప్పుడే వచ్చింది, ఐదు పాయింట్లు పట్టుకుపోయింది.

రెండవది పెళ్ళి. విదేశానికి వెళ్ళాక ఎవరిని చేసుకుంటాడో ఏమిటోనన్న భయంతో మా అక్క వాడికి ఇరవై ఏడో ఏట, శ్రావణమాసం దాటితే మళ్ళీ ముహూర్తాలు లేవని చెప్పి, హడావిడిగా పెళ్ళి చేసింది. పట్టిక ప్రకారం బ్రహ్మచారికి 10 పాయింట్లు. భార్యకు కూడా నైపుణ్య ధ్రువీకరణ, తగిన ఇంగ్లీషు, నలభై అయిదు లోపు వయసు ఉంటే ఆ భర్తకూ 10. భార్యకు ఇంగ్లీషు మాత్రమే వస్తే 5, అదీ లేకపోతే సున్నా. అంటే ఇంజినీరు భార్య ఉన్నవాడూ, భార్యే లేనివాడూ కాన్‌బెర్రా వారి దృష్టిలో సమానులు. పెళ్ళినాడు రెండు కుటుంబాలవారూ చర్చించని విషయం లేదు, వెండి కంచం బరువుతో సహా. ఈ పది పాయింట్ల ప్రస్తావన మాత్రం ఎవరూ తేలేదు. అయితే మా కోడలు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చేసిన మనిషి, పట్టుదల గలది. ద్వారకానగర్‌లో రెండు నెలలు శిక్షణ తీసుకుని ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో ప్రతి విభాగంలోనూ 6 దాటింది. ఇంటికి ఐదు పాయింట్లు తెచ్చిన కోడలని ఇప్పుడు మా అక్క వీధిలో చెప్పుకుంటోంది. కట్నాన్ని గురించి ఇంత గర్వంగా చెప్పుకోవడం నేను వినలేదు.

మావాడి ఇంగ్లీషు కథ వేరే. ప్రతి విభాగంలోనూ 7 వస్తే 10 పాయింట్లు, 8 వస్తే 20. మూడుసార్లు రాసి మూడోసారి 7 తెచ్చుకున్నాడు. మొదటి రెండుసార్లూ రాత పరీక్షలో 6.5 దగ్గరే ఆగాడు. ఈ ఆరున్నర జ్వరం ద్వారకానగర్‌లో సగం మందికి ఉన్నదే కనుక దీన్ని ఇక్కడితో వదిలేస్తాను.

అసలు కథ తెలుగుది. మావాణ్ణి నాలుగో ఏట ఇంగ్లీషు మీడియంలో వేశారు. ఆ బడి పేరు చెప్పడం మర్యాద కాదు. అక్కడ తెలుగులో మాట్లాడితే మాటకు రూపాయి జరిమానా ఉండేదనీ, బావగారు ఆ రూపాయలను సంతోషంగా కట్టేవారనీ మాత్రం చెప్పగలను. అలా రూపాయి రూపాయిగా తెలుగును వదిలించిన తరువాత, ముప్పై మూడో ఏట తేలినదేమిటంటే, ఆస్ట్రేలియా వారు తెలుగుకు 5 పాయింట్లు ఇస్తారు. అక్కడ అనువాదకులకు గుర్తింపునిచ్చే నాటి (NAATI) అనే సంస్థ నిర్వహించే సీసీఎల్ పరీక్ష ఒకటి ఉంది. ఇంగ్లీషు మాట్లాడే మనిషికీ తెలుగు మాట్లాడే మనిషికీ మధ్య జరిగే రెండు సంభాషణలు వినిపిస్తారు; ముప్పై అయిదు మాటలకు మించని ఒక్కొక్క ముక్కను ఇటుది అటు, అటుది ఇటు నోటితో అనువదించాలి. మొత్తం 90 మార్కులకు 63, ఒక్కో సంభాషణలో 45కి కనీసం 29 రావాలి. రుసుము సుమారు 800 ఆస్ట్రేలియా డాలర్లు. చిన్నప్పుడు కట్టిన జరిమానాలతో పోలిస్తే ఇది కాస్త ఎక్కువే.

ఈ సందర్భంలో చరిత్ర ఒకటి గుర్తు చేసుకోవాలి. అదే ఆస్ట్రేలియాలో 1901 చట్టం ప్రకారం వలస వచ్చేవారికి డిక్టేషన్ పరీక్ష ఉండేది. అధికారి తనకు నచ్చిన యూరోపియన్ భాషలో యాభై మాటలు చదివితే తప్పు లేకుండా రాయాలి. 1934లో ఎగోన్ కిష్ అనే పాత్రికేయుడు చాలా భాషలు వచ్చినవాడని తెలిసి, ఆయనకు స్కాట్లండు గేలిక్ భాషలో పరీక్ష పెట్టి ఫెయిలు చేశారు. ఆ పరీక్షను 1958లో రద్దు చేశారు. మావాడి విషయంలో గేలిక్ దాకా వెళ్ళవలసిన శ్రమ ఎవరికీ కలగలేదు. సొంత భాషలోనే దొరికిపోయాడు.

ఆ రోజు సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. కోడలు ఫోనులో నమూనా సంభాషణ పెట్టింది. బ్యాంకు అధికారి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. మావాడు వెంటనే, "మీ మార్ట్‌గేజ్ రీపేమెంట్ ఓవర్‌డ్యూ అయిందండి" అన్నాడు.

"చివర 'అండి' తప్ప అందులో తెలుగేదీ?" అంది కోడలు.

"మనం మాట్లాడేది ఇలాగే కదా."

"మనం మాట్లాడినందుకు పాయింట్లు ఇవ్వరు. తనఖా అప్పు వాయిదా గడువు దాటింది, అనండి."

మావాడు కొంచెంసేపు ఊరుకుని, "తనఖా అంటే?" అన్నాడు. యాభై గజాల స్థలాన్ని తనఖా పెట్టి ఆ బడి ఫీజులు కట్టిన బావగారు పక్క గదిలో నుంచి దగ్గారు.

ఆ రోజు నుంచి నెల రోజులు ఆ ఇంట్లో గోడల మీద కాగితాలు అంటించారు: పూచీకత్తు, నష్టపరిహారం, శస్త్రచికిత్స, నివాస ధ్రువీకరణ. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ అమ్మే అబ్బాయిని మావాడు ఒకనాడు "ఉల్లిపాయల మోతాదు తగ్గించగలరా?" అని అడిగితే, ఆ అబ్బాయి నా వైపు జాలిగా చూసి, "ఈ బాబుది ఏ ఊరండీ?" అన్నాడు. చివరకు 90కి 66 వచ్చాయి. ఇందులో ఒక చిన్న అన్యాయాన్ని చెప్పకుండా ఉండలేను. ఈ ఐదు పాయింట్లు ప్రధాన దరఖాస్తుదారు పరీక్ష నెగ్గితేనే వస్తాయి. కనుక తెలుగు ఎం.ఏ. చదివిన ఆమె తెలుగుకు సున్నా, ఆమె ఇంగ్లీషుకు ఐదు. ఆమె దగ్గర నేర్చుకున్న అతని తెలుగుకు ఐదు.

నాలుగవది వినయం. ఇంజినీరు అన్నవాడు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా వారి చేత తన నైపుణ్యాన్ని మదింపు చేయించుకోవాలి. అందుకు చాలామంది తమ ఉద్యోగ జీవితంలోని మూడు ఘట్టాలను, ఒక్కోటి 1,000 నుంచి 2,500 పదాల మధ్య, స్వయంగా రాసి పంపాలి. షరతు ఏమిటంటే అందులో "నేను" ఉండాలి. బృందం ఏం చేసిందో వారికి అక్కరలేదు, నువ్వేం చేశావన్నదే కావాలి. మావాడు రాసిన మొదటి ప్రతిని నేను చదివాను. "మా సారు మార్గదర్శకత్వంలో, మా బృందం సహకారంతో" ఒక పంపు మరమ్మతు అయింది. ఎవరు చేశారో దేవుడికి కూడా తెలియదు. చిన్నప్పుడు భోజనాల దగ్గర వాడు "నేను, నేను" అన్నప్పుడల్లా మా అక్క నెత్తి మీద ఒక్కటి వేసి, "పెద్దవాళ్ళ ముందు నేను అనకూడదు, మేము అనాలి" అని నేర్పింది. ఆ ఒక్క మొట్టికాయను సరిదిద్దడానికి ఏడు వారాలు పట్టింది. ఏడో ప్రతిలో నూటపద్నాలుగు "నేను"లు లెక్కపెట్టాను. పరవాడ దగ్గరి ఆ కర్మాగారంలో అంతమంది పనిచేస్తారని ఇక ఎవరూ అనుకోరు.

కాగితాల కథలు క్లుప్తంగా చెప్తాను. పాత కంపెనీవారు "ఇతను మా వద్ద పనిచేసెను, ప్రవర్తన సంతృప్తికరము" అని రెండు వాక్యాలు ఇచ్చి, ఏం పని చేశాడో రాయడం తమ విధానం కాదన్నారు. కోడలి పేరులోని లక్ష్మి డిగ్రీ పత్రంలో ఒక విధంగా, పాస్‌పోర్టులో మరొక విధంగా ఇంగ్లీషు అక్షరాలు తొడుక్కుంది. ఇద్దరు లక్ష్ములూ ఒకరేనని కోర్టు బయట నోటరీ ముద్ర వేశారు. మా అక్క హైదరాబాదు వెళ్ళి చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చింది. కోరిక తీరాక చేయవలసినవి నూట ఎనిమిది. అన్ని లెక్కల్లోకీ ఇదొక్కటే మధ్యలో మారదు.

ఇక కూడిక. వయసు 25, ఇంగ్లీషు 10, డిగ్రీ 15, ఎనిమిదేళ్ళు దాటిన అనుభవం 15, వెరసి 65. కోడలివి 5, తెలుగువి 5. మొత్తం 75. అర్హత గీత 65 కనుక బావగారు ఆ పూటే సంపత్ వినాయకుడి గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి, వీధిలో స్వీట్లు పంచారు. కన్సల్టెన్సీలోని అమ్మాయి ఒక లడ్డూ తీసుకుని, చాలా మర్యాదగా, అర్హత వేరు పిలుపు వేరు అని చెప్పింది. ఎంసెట్‌లో క్వాలిఫై అవడం వేరు, సీటు రావడం వేరు కాదా అంది. మావాడిలాంటి మెకానికల్ ఇంజినీర్లకు 80కి, 85కి కూడా పిలుపు రాని విడతలు ఉన్నాయట. మరి 65కు ఎవరికి వస్తుందని బావగారు అడిగారు. ఆ అమ్మాయి కంప్యూటరులో చూసి, 2024 నవంబరు విడతలో 65కే పిలిచిన వృత్తుల్లో ఇటుకలు పేర్చేవారు, వడ్రంగులు ఉన్నారని చెప్పింది. వారూ తమ పనిలో నైపుణ్యాన్ని నిరూపించుకోవాలి, ఇంగ్లీషులో 6 తెచ్చుకోవాలి. కానీ వారి వరుసలో తొక్కిసలాట లేదు.

బావగారు ఇంటికి వచ్చేసరికి మేడ మీద గది కడుతున్న మేస్త్రి తాపీ కడుక్కుంటున్నాడు. జరిగినదంతా నేనే అతనికి చెప్పాను. అతను తాపీని ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుని, "ఇదేటి బాబూ, ముందే సెప్పకపోతిరా? మా వోడికి ఈ పని రాకూడదనేసి దగ్గిరికి కూడా రానియ్యలేదు. నిన్ననే ఇంజినీరింగు ఫీజు కట్టీసినాను" అన్నాడు.

బావగారు కండువాతో ముఖం తుడుచుకుని, కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుని, "ఏ బ్రాంచి?" అని అడిగారు.