పారిపోలేని ఇంటికి పన్ను

ఒకే సైజు ఇంటికి ఒక్కోచోట ఒక్కో పన్ను ఏందని నెల్లూరు ట్రంకు రోడ్డు టీ కొట్ల దగ్గర కొందరు తెగ బాధపడిపోతున్నారు. వీళ్లకు రాజ్యాంగం మీద బొత్తిగా గౌరవం లేదని సవినయంగా మనవి. భూములు, భవనాల మీద పన్ను రాష్ట్రాల జాబితాలో 49వ అంశం. ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకోండని పెద్దలు ఎప్పుడో దీవించేశారు. ఆ దీవెన ప్రకారమే ముంబై 2022లో 500 చదరపు అడుగుల లోపు ఇళ్లకు పన్ను ఎత్తేసింది. అదే ఏడాది పక్కనున్న తమిళనాడు 25 నుంచి 150 శాతం దాకా పెంచింది. మన ఊరు వదిలి చెన్నైలో ఫ్లాట్లు కొన్నవాళ్లకు ఆ 150 గురించి వేరే చెప్పక్కర్లేదు.

మన ఆంధ్రప్రదేశ్ ఊళ్లలో ఒకప్పుడు అద్దె విలువ మీద పన్ను ఉండేది. ఈ ఇంటిని అద్దెకిస్తే ఎంతొస్తుందో అధికారి గేటు దగ్గర నిలబడి ఊహించేవాడు. అందులో లెక్క కంటే కవిత్వం పాలు ఎక్కువ. 2021 ఏప్రిల్ నుంచి ఆ కవిత్వాన్ని ఆపి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పుస్తకంలోని విలువ మీద వేస్తున్నారు. నివాసానికైతే ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, దుకాణాల్లాంటి వాటికైతే 2 శాతం దాకా. ఇంత హడావుడి ఎందుకంటారా? 2020 కరోనా కాలంలో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే ఆస్తి పన్నును సంస్కరించాలని కేంద్రం షరతు పెట్టింది. అలా మన వంటింటి గోడ రాష్ట్రం అప్పుకు హామీ సంతకం చేసింది. షరతు పెట్టిన కేంద్రం భవనాలకు మాత్రం 285వ అధికరణ కింద ఈ పన్ను వర్తించదు. సలహా ఇచ్చేవాడు నిష్పక్షపాతంగా ఉండాలి మరి!

ఒకేసారి పెంచితే జనం గుండె ఆగుతుందని ఏడాదికి 15 శాతం మించకూడదన్నారు. ఎంత దయ! అలా పెంచుకుంటూ పోతే ఐదేళ్లకు రెట్టింపవుతుందని ఎనిమిదో తరగతి పిల్లాడు చెబుతాడు గానీ, పిల్లల మాటలకేం లెండి.

విలువ ఎక్కువ గనక మన నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో పన్నూ ఎక్కువే. గట్టి వాన పడితే అక్కడి అండర్ బ్రిడ్జి నిండిపోతుంది, ఆ నాలుగు రోజులకైనా తగ్గించమని ఒక పెద్దాయన అడిగారు. తప్పు సార్. నిజానికి పెంచాలి. లేక్ వ్యూ ప్లాట్లకు ఎక్కడైనా రేటు ఎక్కువే కదా. ఊరి చివరకు పోతే ఇంకో విడ్డూరం. రోడ్డుకు ఇవతల కార్పొరేషన్, అవతల పంచాయతీ. రెండిటికీ అదే గుంత, అవే దోమలు. బిల్లు మాత్రం వేరు. దోమలకు హద్దు రాళ్లు కనబడవు.

బిల్లులో నాకు బాగా నచ్చిన వరుస గ్రంథాలయ పన్ను, ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు. పుట్టి బుద్ధెరిగాక లైబ్రరీ గడప తొక్కనివాడు కూడా ఆరు నెలలకోసారి సాహిత్య పోషకుడవుతున్నాడు.

ఈ గొడవలన్నీ ఇక్కడేనని అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు అనుకుంటారు. "టెక్సాస్‌లో రాష్ట్రానికి కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు నాన్నా" అని మురిసిపోయిన అబ్బాయే, ఇల్లు కొన్న ఏడాదికి ఫోన్‌లో గొంతు తగ్గిస్తాడు. జీతం మీద వదిలేసింది అక్కడ గోడల మీద వసూలవుతుంది, స్కూళ్లు కూడా చాలావరకు దానిమీదే నడుస్తాయి. కాలిఫోర్నియాలో 1978లో ఓట్లేసి మరీ కొన్నప్పటి ధరకు పన్నును కట్టేశారు. విలువ ఏడాదికి 2 శాతం మించి పెంచకూడదు. దాంతో పక్కపక్కనే కవలల్లాంటి రెండిళ్లుంటే, పాతకాపు కట్టేదొకటి, నిన్న కొన్నవాడు కట్టేది దానికి ఎన్నో రెట్లు. కాబట్టి ఇంటిని చూసి పన్ను వేస్తారనుకోవడం మన అమాయకత్వం. సర్కారు ఇంకే జేబులో చెయ్యి పెట్టలేకపోయిందో చూసుకుని వేస్తారు. జీతగాడు ఊరు మారతాడు, వ్యాపారి బిల్లు మారుస్తాడు. ఇల్లు ఎటు పోతుంది?

పోనీ, ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఉంది. కట్టకపోతే నెలకు 2 శాతం వడ్డీ, అంటే మన భాషలో రెండు రూపాయల వడ్డీ. బజారులో ఆ వడ్డీకి అప్పు కావాలంటే ప్రామిసరీ నోటు రాయాలి, ఇద్దరు సాక్షులు కావాలి. ఇక్కడ అవేమీ అడగరు. అడక్కుండానే మనల్ని బాకీదారుల్ని చేస్తారు.