అద్దంతో పాటు దూరం కూడా చూసుకోవాలి

పోర్ట్రెయిట్‌కి, అంటే ముఖం ఫొటోకి, ఒక లైటు, దాని వెలుగును నీడవైపుకి తిప్పే ఒక అద్దం ఉంటే చాలని ఒక వ్యాసంలో రాశారు. నిజమే, నేనూ అలాగే తీస్తాను. కానీ దూరం సంగతి వదిలేశారు. లైటు నుంచి అద్దానికి 1 మీటరు, అక్కణ్ణుంచి ముఖానికి ఇంకో మీటరు ఉంటే, ఆ వెలుగు 2 మీటర్ల నుంచి వచ్చినట్టే లెక్క. మీటరు దూరంలో ఉన్న లైటుతో పోలిస్తే సుమారు నాలుగో వంతే పడుతుంది. నీడవైపు చెంపకు ఆ కాస్త వెలుగే ఎంతో అందం!

అద్దాన్ని వెలుగు తిప్పడానికి కాకుండా, అందులో కనిపించే ముఖాన్నే ఫొటో తీస్తుంటే ఫోకస్ అందులో కనిపించే కంటి మీద పెట్టాలి, అద్దం మీద కాదు. అప్పుడు లైటు కూడా మనిషి మీదే పడాలి. ఒకసారి అద్దం మీదే పడి, తుడవని వేలిముద్ర సరిగ్గా చెంప మీద తెల్లటి మచ్చలా వచ్చింది. లైటు పక్కన నల్లగుడ్డ అడ్డం పెట్టాక పోయింది.