శూన్యానికి జరిగిన అన్యాయం

అసలు ఏమీ లేకుండా పోక, ఏదో ఒకటి ఎందుకు ఉంది? ఇంతకాలం ఈ ప్రశ్న అడిగిందీ ఉన్నవాళ్ళే, జవాబు చెప్పుకున్నదీ ఉన్నవాళ్ళే. శూన్యం తరఫున మాట్లాడే నాథుడు లేడు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు ముక్కలు.

ఉండటానికీ లేకపోవడానికీ మధ్య జరిగిన ఎన్నికలో శూన్యం ఓడిపోయిన అభ్యర్థి అనుకోండి. ముందు దాని అర్హతలు చూడండి. శూన్యానికి చోటు అక్కర్లేదు, కాలం అక్కర్లేదు, నిర్వహణ ఖర్చు అసలే లేదు. దాని మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదు. మరి గెలిచిన విశ్వం సంగతి? 1380 కోట్ల ఏళ్ళుగా ఉబ్బుతూనే ఉంది. తన సరుకులో దాదాపు 95 శాతం ఏమిటో నేటికీ లెక్క చెప్పలేదు.

ఏదో ఒకటి ఉండటం కంటే ఏమీ లేకపోవడమే సులువు, సరళం అని 1714లోనే లైబ్నిజ్ అనే జర్మన్ తత్వవేత్త రాసిచ్చాడు. అంత మంచి సర్టిఫికెట్ ఇచ్చిన పెద్దమనిషి వెంటనే ప్లేటు ఫిరాయించి, విశ్వానికి కారణం దేవుడన్నాడు. మరి దేవుడికి? ఆయన కారణం ఆయనలోనే ఉందట! ఎవరి సర్టిఫికెట్ మీద వాళ్ళే సంతకం పెట్టుకుంటే ఏ ఆఫీసులోనూ చెల్లదు. ఇక్కడ చెల్లింది.

పోనీ, శూన్యం భారీ మెజారిటీతో ఓడిందా అంటే అదీ లేదు. తొలి క్షణాల్లో పదార్థం, దానికి వ్యతిరేక ఆవేశాలున్న జోడీ అయిన ప్రతిపదార్థం దాదాపు సరిసమానం. రెండూ తాకితే రెండూ మాయం. కాకపోతే సుమారు వంద కోట్ల ప్రతికణాలకు వంద కోట్ల పైన ఇంకొక్క కణం చొప్పున ఉండటంతో ఆ ఒక్కటీ బతికి బయటపడింది. నక్షత్రాలు, గ్రహాలు, ఈ వ్యాసం, దీన్ని చదువుతూ విసుక్కుంటున్న మీరు, అంతా ఆ ఒక్క ఓటు చలవే. అది ఎలా ఎక్కువ పడిందో ఇంకా తేలలేదని శాస్త్రవేత్తలే ఒప్పుకుంటున్నారు. అయినా రీకౌంటింగ్ లేదు! (అవి మాయమైనా కాంతి మిగులుతుంది కదా, అది శూన్యం ఎలా అవుతుందని కొందరు లా పాయింట్ తీస్తారు. ఓడినవాళ్ళ బాధలో ఉన్నప్పుడు ఇలాంటివి అడగకూడదు.)

అన్నిటికంటే ఘోరం డమ్మీ అభ్యర్థి. 1973లో ఎడ్వర్డ్ ట్రయాన్ అనే భౌతికశాస్త్రవేత్త, ఈ విశ్వమంతా క్వాంటం శూన్యంలో పుట్టిన చిన్న అలజడి కావచ్చన్నాడు. అలాంటివి అప్పుడప్పుడు జరుగుతుంటాయని కూడా అన్నాడు. వినడానికి బాగుంది. కానీ ఆ క్వాంటం శూన్యంలో క్షేత్రాలుంటాయి, శక్తి ఉంటుంది, నియమాలుంటాయి. ఇన్ని ఆస్తులున్నది శూన్యం ఎలా అవుతుంది? మావాడి పేరు పెట్టుకుని నిలబడ్డ వేరే మనిషి అది. ఆ పేరుతో ఎన్ని ఓట్లు చీలాయో!

1996లో పీటర్ వాన్ ఇన్‌వాగెన్ అనే తత్వవేత్త లెక్కతో వచ్చాడు. ఏదో ఒకటి ఉండటానికి అనంతమైన తీరులున్నాయి, ఏమీ లేకపోవడానికి ఒకే తీరు, కాబట్టి శూన్యం గెలిచే అవకాశం సున్నా. అంటే చీటీలు వేశారన్నమాట. అందరికంటే యోగ్యుడు ఒక్కడే ఉంటే చీటీలు వేయడం ఎవరి ఎత్తుగడ?

బెర్ట్రండ్ రస్సెల్ అయితే 1948లో రేడియో చర్చలో, విశ్వం ఉంది, అంతే అని తేల్చేశాడు. ఫైలు తెరవకుండానే మూసేయడం చాలామందికి చేతకాదు, ఆయనకు చేతనైంది.

రుగ్వేదం పదో మండలంలోని 129వ సూక్తం కాస్త నిజాయితీగా మాట్లాడుతుందనుకుంటే, అప్పుడు అసత్తూ (లేనిదీ) లేదు, సత్తూ (ఉన్నదీ) లేదు అని మొదలవుతుంది. అసత్తూ లేదంటే మావాడి నామినేషనే తిరస్కరించినట్టు. ఇదంతా ఎలా వచ్చిందో పైనుంచి చూసేవాడికి తెలుసేమో, లేక ఆయనకూ తెలియదేమో అని ముగుస్తుంది. రిటర్నింగ్ అధికారికే ఫలితం తెలియని ఎన్నిక ఇది.

కాబట్టి ఈ ఫలితం రద్దు చేసి మళ్ళీ ఎన్నిక పెట్టాలి. ఈసారి ఉన్నవాళ్ళెవరికీ ఓటు ఉండకూడదు.